రాళ్ళు తాగిన రాగి

ఇంటి నుంచి, ముందు గది
ఆదివారం

వదిన గారికి,

నమస్కారాలు. మీ అమ్మాయి మా ఇంటి కోడలై వచ్చినప్పటి నుంచి మనం ఫోన్‌లోనే మాట్లాడుకుంటున్నాం. నేను కలం పట్టడానికి కారణం ఒక్కటే. ఫోన్ తీస్తే పక్కన అబ్బాయో, మావారో ఉంటారు. ఎవరూ లేనప్పుడు తీస్తే, మీ గొంతు వినగానే ఏడుపొచ్చి పెట్టేస్తాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకోండి.

అమ్మాయి మీ దగ్గరికి వచ్చి ఏం చెప్పిందో నాకు తెలియదు. నేను చూసింది నేను చెబుతాను.

ముందు గదిలో మంచమంత పొడవున ఉండే ఉప్పునీటి తొట్టి మీకు తెలుసు. మీ దుకాణంలో కొన్న పగడాలూ, నారింజ చేపల జంటా, వాటికి ఇల్లుగా ఉండే ఆ సముద్రపు పువ్వూ అందులోవే. చేపల ఒళ్ళు శుభ్రం చేసే ఎర్రచారల రొయ్యను అమ్మాయి ‘ఆయా’ అని పిలిచేది. ఆమె చేపల ప్రదర్శనశాలలో పనికి వెళ్ళిన ఒక రోజు అబ్బాయి ఎక్కడి నుంచో పళ్ళెం లాంటి నీలం చేపను తెచ్చి, వేరు తొట్టిలో ఉంచి చూడకుండా నేరుగా ఇందులో వదిలేశాడు. సాయంత్రం వచ్చి ఆమె చూసింది. చెప్పులు విప్పడం మరిచిపోయి అలాగే నిలబడింది.

కొన్నాళ్ళకే ఆ చేప రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. రెక్కల మీద తెల్లగా ఉప్పు రాలినట్టు మచ్చలు. అమ్మాయి దాని ఒంటి మీది జిగురు కొంచెం గీకి తీసి, భోజనాల బల్ల మీద మైక్రోస్కోప్ పెట్టి నన్ను పిలిచింది.

“చూడండి అత్తయ్యా, మెల్లగా దొర్లుతోంది చూశారా? లోపల నాలుగు పూసలు గుచ్చినట్టు ఉందే, అదీ గుర్తు. దీన్ని తెల్లమచ్చ అంటాం. మచ్చలు పిండి చల్లినట్టు మరీ సన్నగా ఉంటే అది వేరే జబ్బు. దానికి రాగి మందు తప్పదు. దీనికి అక్కర్లేదు, నీళ్ళలో ఉప్పు తగ్గిస్తే చాలు.”

చేపలన్నిటినీ వెనక గదిలోని తొట్టిలోకి మార్చి, ఉప్పు కొద్దికొద్దిగా తగ్గించింది. పెద్ద తొట్టిలో రొయ్య, నత్తలు, పగడాలు, పువ్వు మాత్రం మిగిలాయి. రెండు నెలలకు పైగా అందులో చేప ఉండకూడదట. చేప దొరక్కపోతే ఆ పురుగు ఆకలికి చస్తుందట. ఉపవాసం ఉన్నది పురుగైనా, నీరసపడింది మా అబ్బాయి. రోజూ వచ్చి ఖాళీ తొట్టి ముందు కూర్చునేవాడు.

తర్వాత ఒక ఉదయం ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి నత్తలన్నీ అద్దం మీంచి ఊడి వెల్లకిలా పడి ఉన్నాయి. ఆయా పక్కకు ఒరిగిపోయింది. పువ్వు తడిగుడ్డలా కరిగి రాయి మీద వేలాడుతోంది. వాసనకు మావారు లేచి వచ్చారు. అబ్బాయి వచ్చి చూసి, కోడలి వైపు తిరిగి, “నీ పనిచోటు నుంచి రాగి మందు అంటిన వల తెచ్చి ఇందులో ముంచావు. నీ నిర్లక్ష్యం చంపేసింది వీటిని” అన్నాడు. ఆ అమ్మాయి అతన్ని చాలాసేపు చూసింది. మధ్యాహ్నానికి సంచి సర్దుకుంది.

ఏది పనికొస్తుందో తెలియదు కాబట్టి అన్నీ రాస్తున్నాను. తొట్టి కింద నీళ్ళు వడగట్టే చోట వేలాడే బొగ్గు సంచి అంతకు రెండు మూడు రోజుల ముందు నుంచి వరండా కమ్మీ మీద ఎండుతోంది. నేనే బట్టలతో పాటు లోపలికి తెచ్చాను. వెనక గదిలో చేపలు బాగున్నాయి. అమ్మాయి చెప్పి వెళ్ళినట్టే ఉప్పు కొలుస్తున్నాను.

చేపల జబ్బులు చూస్తూ మీ జుట్టు నెరిసింది. కూతురి పక్షం వద్దు, మా పక్షం వద్దు. నీళ్ళ పక్షాన చెప్పండి. ఏం జరిగి ఉంటుంది?

మీ వదిన

*

దుకాణం నుంచి, వెనక గది
గురువారం

వదిన గారికి,

మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నావి మా పీతలు నడిచినట్టుంటాయి, ఓపిక పట్టండి.

మీ కోడలు బాగానే ఉంది. అంటే, తింటోంది. పొద్దున్నే లేచి నా తొట్లన్నీ కడిగేస్తోంది. కడిగినవే మళ్ళీ కడుగుతుంటే, “ఒసే, ఆ అద్దం అరిగిపోతే చేపలు రోడ్డు మీద పడతాయే” అన్నాను. నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు.

నీళ్ళ పక్షాన చెప్పమన్నారు. నీళ్ళను చూడకుండా ఎలా చెప్పను? పెద్ద తొట్టి అడుగు నుంచి ఒక సీసాడు నీళ్ళు పట్టి, మూత బిగించి పంపండి. రోజూ ఆవిరైన నీటికి బదులు మంచినీళ్ళు ఎవరు పోస్తారు, దేనితో పోస్తారు, అది కూడా రాయండి. ఏ గిన్నె, ఏ చెంబు, చివరికి ఏ చేయి అన్నది కూడా కావాలి. జబ్బు చేపలో కనిపిస్తుంది గానీ, కారణం ఎప్పుడూ గదిలో ఉంటుంది.

ఒక మాట మీకు తెలుసో లేదో. అల్లుడు గారు మా అమ్మాయి ఇన్‌చార్జికి ఫోన్ చేశారట. “ఇంట్లోనే ఇలా వల కడగకుండా తిప్పే మనిషి మీ దగ్గర ఏం చేస్తుందో చూసుకోండి” అన్నారట. ప్రదర్శనశాలలో జబ్బు చేపల గది తాళం మా అమ్మాయి చేతిలో ఉండేది. ఆ తాళం తీసుకున్నారు. విషయం తేలేదాకా సెలవులో ఉండమన్నారు. ఒక తొట్టిలో వల ఇంకో తొట్టిలో ముంచిందన్న పేరు ఈ పనిలో ఒకసారి వస్తే చాలు, ఇంకెవరూ గది తాళం చేతికివ్వరు. ఆ అమ్మాయి రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతుందో మీరు చూశారు కదా.

నేను కోపంతో రాయడం లేదు. ఆయన నా దుకాణానికి చేపలు కొనడానికి వచ్చి అల్లుడైన మనిషి. అప్పుడు కొన్న చేపలకన్నా అడిగిన ప్రశ్నలే ఎక్కువ. అందుకే నచ్చాడు.

సీసా పంపండి.

మీ వదిన

*

ఇంటి నుంచి
సోమవారం

వదిన గారికి,

ఫోన్ సంగతి నాకు తెలియదు. మీ ఉత్తరం చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయి, మావారు వచ్చి కట్టేసేదాకా నాకు తెలివి లేదు. ఇంట్లో మాట అనుకున్నాను. పెళ్ళాం మీద కోపం గదిలో తేలుతుంది, గడప దాటదు అనుకున్నాను. ఆమె పనిచేసే చోటికి, ఆమె తాళం దాకా వెళ్ళిందా? అబ్బాయిని అడిగితే, “కోపంలో చేశానమ్మా” అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి. మీరు ఏ చెంబు అని అడిగారు చూడండి, ఆ మాట చదవగానే లేచి వెళ్ళి నా చెంబు చూసుకున్నాను. రోజూ నీళ్ళు పోసేది నేనే. బకెట్‌లో శుద్ధి చేసిన నీళ్ళు ఉంటాయి. బకెట్ ఎత్తలేక నా చెంబుతో ముంచి పోస్తాను. అది రాగి చెంబు. మా అమ్మది. రోజూ దేవుడి ముందు పెట్టుకుని, ఆ నీళ్ళే నేను తాగుతాను. నాకు మంచిదైతే వాటికీ మంచిదనుకున్నాను.

వదినా, ఆ ప్రాణులన్నిటినీ నేను చంపాను. నేను చంపిన పాపానికి ఆ పిల్ల మాట పడింది, తాళం పోగొట్టుకుంది, సంచి సర్దుకుంది.

ఇది తోచిన వెంటనే అబ్బాయికి చెప్పాను. ఎగిరిపడతాడనుకున్నాను. లేదు. నా దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుని, నా చేయి తీసుకుని చెంపకు ఆనించుకున్నాడు. “అయ్యుంటుందమ్మా. పోనీలే, తెలియక చేశావు. నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఏడవకు” అన్నాడు. చిన్నప్పుడు జ్వరంలో కూడా నా దగ్గర అంత మెత్తగా ఉన్నవాడు కాదు. తప్పు నాదైనా, ఇలాంటి కొడుకునిచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అబ్బాయి కూడా అదే మంచిదన్నాడు, నేనే ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి చెంబు సంగతి చెప్పేస్తాను. అమ్మాయిని క్షమించమని అడగండి, నా తరఫున. సీసా పంపుతున్నాను. ఇక దానితో పని లేదనుకోండి, అయినా మీరు అడిగారు కాబట్టి.

మీ వదిన

*

దుకాణం నుంచి
శనివారం

వదినా,

ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళకండి. ముందు ఇది చదవండి. కూర్చుని చదవండి.

సీసాలో నీళ్ళకు పరీక్ష చేశాను. కొంచెం నీళ్ళు గాజు గొట్టంలో తీసి చుక్కల మందు వేస్తే, రాగి ఎంత ఉంటే అంత నీలం తిరుగుతుంది. పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక రంగుల అట్ట ఉంటుంది. మీ నీళ్ళు ఆ అట్టలో చివరి గడి దాకా వెళ్ళాయి. తప్పేమో అని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే మీరు భుజాలు తడుముకుంటున్నారు. మీ చెంబు నీళ్ళలో ఉండేది క్షణం. ఆ తొట్టి పెట్టిన నాటి నుంచీ మీరు అదే చెంబుతో పోస్తున్నారు. ఆయా అందులోనే ఎన్నోసార్లు పెంకు విడిచి పెరిగింది, పగడాలు కొమ్మలేశాయి. చెంబుకు చంపే శక్తి ఉంటే ఎప్పుడో చంపేది. వలదీ అదే లెక్క. వల నుంచి కారేది నాలుగు చుక్కలు. మంచమంత తొట్టిలో నాలుగు చుక్కలు పడితే పరీక్షలో ఆనవాలు కూడా రాదు. ఇంత నీలం రావాలంటే ఎవరో సీసా మూత తీసి, కొలిచి, పోయాలి. వేరే దారి లేదు.

ఇక బొగ్గు సంచి. ఆ బొగ్గు నీళ్ళలో ఉంటే మందును లాగేస్తుంది. అందుకే ఈ పనిలో మందు పోయబోయే మనిషి ముందుగా చేసేది ఆ సంచి తీసి బయట పెట్టడం. వేరే ఏ కారణానికీ దాన్ని ఎవరూ ఎండబెట్టరు.

మీ మొదటి ఉత్తరంలోనే ఆ ముక్క చూశాను వదినా. చూసి కూడా మీకు రాయలేదు. మా అమ్మాయి వద్దంది. ఆమె ఆ ఉదయమే చూసిందట, సంచి తగిలించే కొక్కెం ఖాళీగా ఉండటం. అతను వల అని నోరు తెరిచినప్పుడు ఆమె చూస్తున్నది చచ్చిన రొయ్యను కాదు, ఆ కొక్కెం పక్కన నిలబడి అబద్ధం ఆడుతున్న మనిషిని. “ఎందుకే చెప్పవు?” అని నేను అరిచాను. “ఆయన పోసింది భయంతో అమ్మా. తను తెచ్చిన జబ్బు తనే పోగొట్టాలని పోసుంటాడు. అది నాకు అర్థమవుతుంది. నా మీద వేసింది ఎందుకో అర్థం కావడం లేదు. అది ఆయన నోటితో ఆయన చెప్పాలి” అంది. అందుకే ఊరుకున్నాను. కాని మీరు చెంబు నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంటే ఇక ఊరుకోలేను. మీ చెంబు పేరు చెప్పి తెచ్చిన తాళం మా అమ్మాయి ముట్టుకోదు.

ఆ రాళ్ళు, ఇసుక రాగిని తాగేసి ఉంటాయి. నీళ్ళు ఎన్ని మార్చినా మెల్లగా కక్కుతూనే ఉంటాయి. చేపలు బతుకుతాయేమో గానీ, వాటి మీద ఇంకో పగడం, ఇంకో రొయ్య బతకవు.

మీ వదిన

*

ఇంటి నుంచి

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. చదివాను.

మీరు రాసింది అర్థమైంది. మా ఇంట్లో మిగిలింది ముగ్గురం. మావారికి ఆ తొట్టి మూత ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు.

మందు పోసిన సంగతి కాదు నాకు తట్టింది. నేను ఏడుస్తుంటే నా చేయి తన చెంపకు ఆనించుకోవడం తట్టింది.

ఇంకేమీ రాయలేను. చేపలకు మేత వేసే వేళయింది.

*

ఇంటి నుంచి, వెనక గది

వదిన గారికి,

మధ్యలో మీరు పంపిన రెండు కార్డులకూ జవాబు రాయలేదు. ‘ఉన్నారా, లేక మీరూ కొక్కెం మీంచి దిగిపోయారా’ అని అడిగారు. ఉన్నాను. ఇంత కాలం ప్రార్థన చేద్దామని కూర్చుంటే ఒక్క మాట నోటికి వచ్చేది కాదు. అబ్బాయిని అడిగితే నిజం చెబుతాడు, ఆ నిజం నేను వినాలి. అదే భయం.

చివరికి నిన్న ఉదయం వాడు ఫలహారం చేస్తుండగా ఎదురుగా కూర్చున్నాను. పోశావా అని అడగలేదు.

“ఎంత పోశావు?” అన్నాను.

చేయి ఆగింది. “ఏంటమ్మా?”

“రాగి మందు. ఎంత పోశావు?”

కంచం వంకే చూస్తూ, “సీసా మీద రాసినంతే” అన్నాడు.

“రొయ్యలున్న చోట పోయొద్దని కూడా రాసుంటుంది కదరా.”

“కింద చిన్న అక్షరాల్లో ఉంది. తర్వాత చూశాను.” మళ్ళీ తనే, “ఇంటికొచ్చిన ప్రతివాడూ చేపలేవి అని అడుగుతున్నాడమ్మా. రెండు నెలలు ఎలా చూడను? పురుగు త్వరగా చస్తుందనుకున్నాను. నీలం చేపను నేరుగా వదిలావు కదా అని ఆమె ఒక్కసారన్నా అనలేదు. అనుంటే పోట్లాడేవాణ్ణి. అనకుండా పొద్దున్నా సాయంత్రం ఆ ఉప్పు కొలుస్తూ కూర్చునేది. పొద్దున్నే అన్నీ చచ్చి కనిపించేసరికి ఏదో ఒకటి అనాలి, అనేశాను.”

“ఇన్‌చార్జికి ఫోన్?”

“అన్నాక దాని మీద నిలబడాలి కదా.”

అప్పుడు అడగాల్సింది అడిగాను. “మరి నేను నా చెంబు అన్నప్పుడు?”

వదినా, వాడు తలెత్తి నా మొహంలోకి చూశాడు. “నువ్వే అన్నావు కదమ్మా. నేను అనలేదు కదా” అన్నాడు. ఆ చూపులో కోపం లేదు, సిగ్గు లేదు. లెక్క సరిగ్గా ఉందని చూపించినట్టు ఉంది. తర్వాత గొంతు తగ్గించి, “అలాగే ఉండనీ అమ్మా. చెంబే అని చెప్పు. నువ్వంటే ఎవరికీ కోపం రాదు. ఆమె తిరిగొస్తుంది, ఆమె తాళం ఆమెకొస్తుంది, అందరికీ బాగుంటుంది” అన్నాడు.

అంతకుముందు అన్ని రోజులూ దేవుడి ముందు కూర్చుని నేను అనుకుంటున్నదీ సరిగ్గా అదే. చెంబే అని చెప్పేస్తే పోతుంది కదా అని. వాడి నోట వింటే గానీ అది ఎలాంటి మాటో నాకు తెలియలేదు.

మావారు పక్క గదిలో అన్నీ విన్నారు. ఆయన సంగతి మీకు తెలుసు, గొడవ మొదలైతే పేపరు ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంటారు. అలాంటి మనిషి బయటికి వచ్చి, “నేను చొక్కా మార్చుకున్నాను. వెళ్దాం పద” అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు. అబ్బాయి మాత్రం, “నాన్నా, నువ్వు కూడానా?” అన్నాడు. “నేనేం మాట్లాడనురా. మీ అమ్మకు బస్సుల్లో కళ్ళు తిరుగుతాయి” అన్నారు ఆయన.

ఇన్‌చార్జి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని, చేతికి పైపు పట్టుకునే మాతో మాట్లాడింది. మీరు రాసిన పరీక్ష సంగతంతా చెప్పాను. మందు పోసింది మా అబ్బాయేనని చెప్పాను. అది చెప్పడానికి నేను అనుకున్నంత సేపు పట్టలేదు. ఆమె పైపు కట్టేసింది.

“వల నుంచి అంత రాగి రాదని నాకు తెలియక కాదమ్మా. భర్తే చెబుతున్నాడు కదా, ఊరికే చెబుతాడా అనుకున్నాను. నీళ్ళు పరీక్ష చేయకుండా మనిషి మాట నమ్మాను. నా దగ్గర పనిచేసేవాళ్ళు అలా చేస్తే తిడతాను నేను” అంది. తాళం అమ్మాయికి తిరిగి ఇస్తానంది. తనే ఫోన్ చేస్తానంది, ఈపాటికి చేసే ఉంటుంది. అక్కడివాళ్ళందరి ముందూ చెబుతానని కూడా అంది. అది నేను అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి అబ్బాయి తొట్టిలో రాళ్ళు ఒక్కొక్కటే తీసి వరండాలో పేరుస్తున్నాడు. నన్ను చూసి, “కన్నతల్లివి నువ్వు, నా పరువు తీసి వచ్చావు” అన్నాడు. నేను లోపలికి వెళ్ళి చేపలకు మేత వేశాను. అమ్మాయి వెళ్ళేటప్పుడు చెప్పిన గడువు దాటింది, మచ్చ ఒక్కటి లేదు. నారింజ జంట నా వేలి దగ్గరికి వచ్చి తింటున్నాయి. నీలం చేప అన్నిటికన్నా బలిసింది. నేనుండగా వాటికి లోటు రానివ్వను.

అమ్మాయిని రమ్మని నేను అడగను. పని వేరు, ఇల్లు వేరు. పనికి దగ్గరగా గది చూసుకుంటానంటే మావారు వచ్చి సామాను మోస్తారు. అబ్బాయి ఆమె దగ్గరికి వెళ్ళి తన నోటితో చెబుతాడో లేదో నాకు తెలియదు. నిన్నటి దాకా వాడి గురించి నాకు అన్నీ తెలుసనుకున్నాను.

ఒక్కటి కోరుతున్నాను. పోసింది ఎవరో ఆమెకు తెలుసు. కాని కన్నతల్లిని ఆ పాపం మోయనిచ్చి, పైపెచ్చు కన్నీళ్ళు తుడిచాడని తెలియదు. అది వాడు చెప్పుకోవాల్సింది. ఈ కాగితాలు చూసి తెలుసుకుంటే వాడికి చెప్పుకునే చోటు కూడా మిగలదు. అందుకని ఆమెకు చూపించకండి, ఇంకెవరికీ చూపించకండి.

అలాగని చింపేయకండి. మీ దగ్గరే దాచండి. నేను తల్లిని. నాలుగు రోజులు పోతే, వాడు నా ఒడిలో తల పెట్టుకుంటే, వాడు అలా అననే లేదని నేనే అంటాను. అప్పుడు నాకు ఒక్కదానికే తీసి చూపించండి.

మీ వదిన